మూడు గ్లాసులు, నాలుగుండలు

వంటయింటి అలమరలో బోర్లించిన మూడు గ్లాసులును, చినిగిన చీర పేలికతో చుట్టిన నాలుగు చిన్న యుండలును ఉన్నయెడల ఉండల గారడీకి వేఱు పరికరములతో పనిలేదు. ఈ మాట చెప్పినప్పుడు మా విద్యార్థులు మొదట నమ్మరు. ఐంద్రజాలికునకు నల్లకోటును, మంత్రదండమును, అడుగున రహస్యపు అఱ గల పెట్టెయు నుండవలెనని వారి తలంపు. అట్టి సామగ్రి పట్టణపు దుకాణములయందును, ఇప్పుడు చేతిలోని ఫోను ద్వారమునను వెలకు దొరకుచునే యున్నది. మా వసతిగృహపు బాలురలో దానిని కొనగలవారు మిక్కిలి తక్కువ. అది వారికి నష్టము కాదని గత కొన్ని సంవత్సరములుగా శనివారపు సాయంకాలములయందు వారితో కూర్చుండి మేము గ్రహించితిమి. కొని తెచ్చిన గిన్నెను చూచినవారు ముందుగా గిన్నెనే శంకింతురు. అమ్మ మజ్జిగ పోసి యిచ్చెడి గ్లాసును ఎవరు శంకింతురు?

ఆట యెఱుగనివారికొఱకు కొంచెము చెప్పుదుము. మూడు గ్లాసులు బోర్లించి వరుసగా నుంచుదురు. ఒక్కొక్కదాని నెత్తిన ఒక్కొక్క యుండ. ఉండను చేతిలోనికి తీసికొని మాయము చేయగా అది గ్లాసు క్రింద నగపడును. మూడు గ్లాసుల క్రింద విడివిడిగా నుంచిన మూడుండలును నడిమి గ్లాసు క్రింద చేరును. కడపట గ్లాసెత్తి చూచునప్పటికి ఉండకు బదులు నిమ్మకాయయో, ఉల్లిగడ్డయో, వీథి గారడీవాడైనచో కీచుకీచుమను కోడిపిల్లయో యుండును. చూచువారు మూడుండలనే లెక్కింతురు. నాలుగవది యొకటి కలదు. ఆట యంతయు ఆ నాలుగవ యుండలోనే యున్నది. ఐంద్రజాలికుల గుట్టును బయటపెట్టితిమని యెవ్వరును నొచ్చుకొన నక్కఱలేదు. ఉండల నేర్పు 1584వ సంవత్సరముననే ఇంగ్లండులో అచ్చుపడినది. ఆ సంగతి ముందు చెప్పుదుము.

ఈ యాటకు మొదటినుండియు వంటయింటి సామానే ఆధారము. క్రీ.శ. 65లో మరణించిన రోమా తత్త్వవేత్త సెనెకా తన మిత్రుడగు లూకిలియుసునకు వ్రాసిన 45వ లేఖలో గారడీవాండ్ర గిన్నెలను, గులకరాళ్లను పేర్కొనెను. ఆ గిన్నెకు లాటిను భాషలో 'అసెటాబులుము' అని పేరు. అనగా భోజనపు బల్లమీద చిరక పోసి యుంచెడి చిన్న పాత్ర. చిరక యననేమో వేదపుస్తకము చదివెడి మా పిల్లలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ కాలపు గారడీవాడు ప్రత్యేకముగా గిన్నెలు పోతపోయించుకొనలేదు. బల్లమీద నున్నదానిని తీసికొని, వీథిలోని రాళ్లేరుకొని, జనులను ఆశ్చర్యపఱచెను. సెనెకా యా లేఖలో, అట్టి మాయ హానిలేనిదనియు, మోసపోవుటలోనే వినోదమున్నదనియు, అది యెట్లు జరిగినదో తెలిసినచో తనకు దానియందు రుచి పోవుననియు వ్రాసెను. మొదటి రెండు మాటలతో మాకు పేచీ లేదు. మూడవది మాత్రము తరగతి గదిలో నిలువదు. ఎట్లు జరిగినదో తెలిసిన పిల్లవాడు మఱింత దగ్గఱకు జరిగి కూర్చుండును.

ఇక 1584నాటి పుస్తకము. దానిని వ్రాసినవాడు రెజినాల్డ్ స్కాట్ అను కెంటు మండలపు గృహస్థుడు. అంతకు పదియేండ్లు ముందుగా, 1574లో, ఆయన హాప్ తీగల సాగును గూర్చి యొక పుస్తకము వ్రాసియుండెను. పొలము గట్టు తెలిసిన మనిషి యన్నమాట. 'ది డిస్కవరీ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్' అను తన రెండవ పుస్తకములో ఉండలాటను వర్ణించుచు, చిన్న క్రొవ్వువత్తి స్తంభములు గాని, గిన్నెలు గాని, ఉప్పుగిన్నెలు గాని పనికివచ్చుననియు, ఉప్పుగిన్నెల మూతలు అన్నిటికంటె మేలనియు చెప్పెను. మొదట సీసపు గుండుతో అభ్యసించినవాడు పిదప బెండు ఉండలతో సులభముగా చేయగలడని కూడ వ్రాసెను. ఈ సలహా యెంత మంచిదో నేర్పినవారికే తెలియును. సీసపు గుండు మాకు దొరకదు. పిల్లల జేబులనిండ గోళీలున్నవి. గోళీ బరువైనది, నున్ననిది. చేయి యేమరినచో జారి గచ్చుమీద టక్కున పడును. గురువు కసరనక్కఱలేకుండ గోళీయే తప్పు చెప్పును. పది దినములు గోళీతో కుస్తీపట్టిన పిల్లవానికి పిదప సీసా బెండు చేతిలో నున్నట్లే తోచదు.

గ్లాసుల విషయమున మా యనుభవము కొంత వివరముగా వ్రాయుచున్నాము, ఏలయన నిక్కడనే పిల్లలు విసిగి మానుదురు. గ్లాసును బోర్లించినప్పుడు పైకి వచ్చెడి అడుగు నడుమ కొంచెము లోతు పడి యుండవలెను, లేనియెడల నెత్తిన పెట్టిన యుండ దొర్లిపోవును. పాతకాలపు ఇత్తడి గ్లాసులకు అడుగున కుదురువంటి అంచుండును, అవి శ్రేష్ఠము. నేటి స్టీలు గ్లాసులలో కొన్నిటి యడుగు చదునుగా నుండును, కొన్నిటిది లోనికి నొక్కియుండును. రెండవ రకము నేరుకొనవలెను. ఇక గ్లాసుమీద గ్లాసు బోర్లించినప్పుడు రెండింటి నడుమ ఉండ యిమిడి, పైగ్లాసు ఊగకుండ కూర్చుండవలెను. మా వసతిగృహములో నొక విద్యార్థి అలమరలోని నలువదిరెండు గ్లాసులను ఈ విధముగ నొకదానిమీద నొకటి పెట్టి పరీక్షించి, అతికిన మూడింటిని ఏర్పఱచెను. వంటవాడు నాటినుండి రాత్రివేళ గ్లాసులు లెక్కించి తాళము వేయుచున్నాడు.

కాగితపు టీ కప్పులు ఊరకే దొరకును. వాని యడుగు లోతైనది కావున ఉండ చక్కగా నిమిడిపోవును. దోషమొక్కటే: బరువు లేదు. చేయి తగిలిన జరుగును, పంకా తిరిగిన పడిపోవును. ఒకదానిలో నొకటి దూర్చి గంజితో నంటించి, రెండింటిని ఒక్కటి చేసినచో నిలుచును. మట్టి ముంతలు చప్పుడు చేయవు, చేతికి జారవు; పగులును. పింగాణి కప్పులకు చెవులున్నవి గనుక ఒకదానిమీద నొకటి కూర్చుండవు.

మన దేశపు వీథి గారడీవాండ్ర కొయ్యగిన్నెలు వీటన్నిటికంటె వేఱు. అవి లోతు తక్కువై, నెత్తిన పిడి కలిగి, చిన్న గుడిగంటవలె నుండును. ఆ పిడిని రెండు వ్రేళ్ల నడుమ పట్టి యెత్తుదురు. అప్పుడు తక్కిన వ్రేళ్లు ముడుచుకొని యుండుట సహజముగా కనబడును. ఆ ముడుపులో నేమున్నదని యెవ్వరును అడుగరు. ఆ గిన్నెను చెక్కినవాడెవ్వడో మనుష్యుని చేతిని చక్కగా చదివినవాడు. ఇట్టి గిన్నెలు మాకు దొరకలేదు. ఒక బాలిక, ఏడవ తరగతి చదువుచున్నది, దీనికి ఉపాయము కనిపెట్టెను. కొబ్బరికాయను కొట్టినప్పుడు రెండు చిప్పలలో నొకదానికి మూడు కన్నులుండును గదా. వానిలో నొకటి మెత్తనిది. ఆ కంటిని పొడిచి, లాగులకు వేసెడి నాడను మెలిపెట్టి దూర్చి, లోపల ముడి, వెలుపల ముడి వేసినచో పిడి సిద్ధము. చిప్ప యంచు వంకరటింకరగా నుండును గావున దానిని గరుకు గచ్చుపై నీళ్లు చల్లి అరగదీయవలెను. కాయకు కన్నుల చిప్ప యొక్కటే గనుక మూడు గిన్నెలకు మూడు కాయలు కావలెను, మూడు పచ్చళ్లు చేసికొనవలెను. ఇది చిన్న చిక్కు కాదు.

ఉండల సంగతి సులభము. పాత నూలుచీర పేలికను గట్టిగా చుట్టి, పైన దారము అల్లి, రేగుపండంత ఉండ చేసినచో చాలును. నాలుగును ఒక్క బరువు, ఒక్క రంగు కావలెను. పసుపునీళ్లలో నొకేసారి ముంచినచో రంగు కుదురును. చింతగింజ జారును, కుంకుడుగింజ స్టీలుమీద మ్రోగును. చప్పుడు లేని ఉండ కావలెను. చెవి చాల గట్టి సాక్షి, దానిని మాయ చేయుట కష్టము.

కన్నును మాయ చేయుట సులభము. ఉండ నడిమివ్రేలి, ఉంగరపువ్రేలి మొదళ్లలో నిలిచియుండగా చేయి యేమియు లేనట్లు వ్రేలాడవలెను. మేము ఆ విధముగా ఉండ నుంచుకొని నల్లబల్లపై లెక్కలు వ్రాసి, పుస్తకములు త్రిప్పి, హాజరు పిలుచుచుందుము. పిల్లలు కనిపెట్టినచో వారికి గెలుపు. ఆరంభకుని చేతిని పట్టియిచ్చునది ఉండ కాదు, బొటనవ్రేలు. అది భయముతో బిగిసి, అరచేతికి కావలికాయుచున్నట్లు నిలుచును. 'బొటనవ్రేలు బిగిసినది' అనుట మా శనివారపు తరగతిలో దినమునకు నూఱుమాఱులు వినబడు మాట.

ఉండను కుడిచేతినుండి ఎడమచేతిలో పెట్టినట్లు నటించునప్పుడు, చేయువాని కన్నులు ఎడమచేతితో పోవలెను. తాను నమ్మనిదానిని చూచువాడు నమ్మడు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు అవధానమును గూర్చి యొక పెద్ద పాఠము చెప్పిరి. దానికి ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు నాడు దొరకలేదు. అమెరికా దేశమున నార్మన్ ట్రిప్లెట్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1900లో ప్రకటించిన వ్యాసములో బడిపిల్లల యెదుట చేసిన యొక పరీక్షను వర్ణించెను. బల్లవద్ద కూర్చుండి బంతిని పైకెగురవేసి పట్టుకొని, మఱల నెగురవేసి పట్టుకొని, ఆ పిమ్మట ఎగురవేసినట్లు నటించి బంతిని ఒడిలో జారవిడిచెను. పిల్లలలో ఇంచుమించు సగముమంది, బంతి పైకిపోయి గాలిలో మాయమగుట తాము కన్నులార చూచితిమని చెప్పిరి. పోని బంతిని చూచిరి! 2006లో ఇంగ్లండున గుస్తావ్ కూన్, మైకేల్ లాండ్ అను వారిరువురు ఇట్టి పరీక్షనే మఱల జరిపిరి. ఐంద్రజాలికుడు తానుకూడ పైకి చూచినప్పుడు నూటికి 68 మంది బంతి పైకిపోవుట చూచితిమనిరి. అతడు తన చేతినే చూచినప్పుడు 32 మంది మాత్రమే యట్లనిరి. చూపఱుల చూపు బంతి వెంట పోక, చాలవఱకు ఐంద్రజాలికుని ముఖముమీదనే నిలిచెనని వారు కొలిచి చూపిరి. మనము చూచితిమనుకొనునది తఱచుగా ఎదుటివాని ముఖమునుండి అరువు తెచ్చుకొన్నదే.

ఇంకొక సంగతి పిల్లలకు మిక్కిలి యిష్టము. పెన్, టెల్లర్ అను అమెరికా ఐంద్రజాలికుల జంట ఈ యాటను లోపలిది కనబడు ప్లాస్టిక్ గ్లాసులతో చేయుదురు. రహస్యమంతయు గాజుగోడ వెనుక నున్నట్లే. అయినను చూచువారు పట్టుకొనలేరు. ఆ యూహ యెట్లు పుట్టినదో టెల్లరే చెప్పెను. ఒక చిన్న భోజనశాలలో కూర్చుండి, నీళ్లు త్రాగిన గాజు గ్లాసుతోను, చేతులు తుడుచుకొను కాగితమును నలిపి చేసిన ఉండలతోను ఊరక ఆడుకొనుచుండెనట. గ్లాసు నెత్తిననున్న ఉండ జారి పడుట తన చూపునే లాగికొనగా, తన రెండవ చేయి చేసిన పనిని తానే చూడలేకపోయెనట. ఎంగిలి కాగితముతో దొరకిన విద్య!

బాలుర తండ్రి యొకరు మా కొక ఉత్తరము వ్రాసిరి. వేదపుస్తకము గారడీని, మంత్రవిద్యను నిషేధించుచుండగా మిషను పాఠశాలలో దీనిని నేర్పవచ్చునా యని వారి ప్రశ్న. మర్యాదగా వ్రాసిరి, మేమును మర్యాదగా జవాబు వ్రాసితిమి. ఆజ్ఞ నిషేధించునది శక్తి యున్నదని చెప్పి జనులను లోబఱచుకొనుట. మేము మొదటి దినముననే పిల్లలచేత అనిపించు మాట: 'ఇది చేతిపని, మా కే శక్తియు లేదు.' ఈ మాట చెప్పనివానికి మా తరగతిలో గ్లాసు ముట్టనియ్యము. ఉండలాటకు రెండవ ముఖము కలదని మాకు తెలియకపోలేదు. 1500 ప్రాంతపు హాలండు చిత్రమొకటి, హీరోనిమస్ బాష్ గాని ఆయన పరివారము గాని చిత్రించినది, ఫ్రాన్సు దేశమున సెంజర్మేన్-ఆన్-లే పట్టణములో నున్నది. గారడీవాడు వ్రేళ్ల నడుమ ఉండ నెత్తి చూపుచున్నాడు. ఒక పెద్దమనిషి నోరు తెఱచి వంగి చూచుచున్నాడు. ఆయన వెనుక నిలుచున్నవాడు ఆకాశమువైపు చూచుచు ఆయన డబ్బుసంచి లాగుచున్నాడు. ఈ చిత్రపు నకలును తరగతిలో గోడకు అంటించితిమి. తిరునాళ్లలో మూడు చిప్పల జూదము ముందు నిలుచునప్పుడు, వెనుక నెవ్వరున్నారో చూచుకొనుడని దాని క్రింద నొక పిల్లవాడు వ్రాసెను.

స్కాట్ తన పుస్తకము వ్రాసినది పిల్లల వినోదమునకు కాదు. ఆ కాలమున ఇంగ్లండులో ముసలి స్త్రీలను, బీదలను, మంత్రగత్తెలని నిందించి న్యాయస్థానములకీడ్చి ఉరితీయుచుండిరి. జనులు అద్భుతములనుకొనువానిలో ఎన్నియో చేతివాటములని చూపించి ఆ నిర్భాగ్యులను కాపాడవలెనని ఆయన యుండల గుట్టు విప్పెను. నాలుగు వందల సంవత్సరములనాటి పరదేశపు సంగతి యని మేమును దానిని కథగానే చెప్పుచుంటిమి. గత దసరా సెలవులకు పిమ్మట అది కథ కాకపోయెను.

ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు సెలవులనుండి వచ్చి రెండు దినములు ఎవ్వరితోను మాటలాడలేదు. శనివారమున గ్లాసులు సర్దుచు మెల్లగా చెప్పెను. వాని తల్లికి నెలల తరబడి కడుపులో మంట, నొప్పి. ఎవ్వరో ఆమెకు మందు పెట్టిరని చుట్టుప్రక్కలవారు చెప్పిరి. మందు పెట్టుట యననేమో మన పల్లెలవారి కందఱకు తెలియును. గిట్టనివారు అన్నములో నేదో కలిపి తినిపింతురనియు, అది కడుపులో ఉండకట్టి మనిషిని తినివేయుననియు నమ్మిక. దానిని తీసెడివాడొకడు వచ్చెను. ఆమె పొట్టమీద నూనెరాసి, ఆముదపుటాకు కప్పి, రుద్ది రుద్ది, బొడ్డువద్దనుండి నల్లని యుండ నొకదానిని లాగి పళ్లెములో వేసెను. ఇది ఈ యింటి ఆడుదాని చేతితో పెట్టినదని చెప్పి, డబ్బు పుచ్చుకొని పోయెను. ఇంటిలో నున్న ఆడుది పెద్దకొడుకు భార్య. పెండ్లియై రెండేండ్లు కాలేదు. ఆమెను మఱునాడే పుట్టినింటికి పంపివేసిరి.

"మాష్టారండీ," అని వాడు తల యెత్తకుండ అనెను, "ఆ ఉండ నాకు ముందు కనపడలేదండి. కానీ ఆయన బొటనవేలు బిగిసిందండి."

మేమును మా యింటివారును ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆ యూరికి పోయితిమి. పందిటిలో మంచము వేసిరి. వియ్యమునకు వచ్చినవారమువలె కాఫీ యిచ్చిరి. మేము ఏ సంగతియు ఎత్తలేదు. కాఫీ త్రాగిన గ్లాసులు మూడింటిని కడిగి యిమ్మని అడిగితిమి. పాత చీర పేలిక నడిగి అచ్చటనే ఉండలు చుట్టితిమి. పిల్లలు చేరిరి, పెద్దలు చేరిరి. ఆట సాగినది. చివర గ్లాసు క్రింద నిమ్మకాయ కనబడగానే నవ్వుచున్నవారు నవ్వు మానిరి. పల్లెలో నిమ్మకాయకు ఉన్న అర్థము వేఱు. ఒక ముసలమ్మ లేచి దూరముగా నిలువబడెను. మేము ఆ నిమ్మకాయను కోసి గ్లాసులో పిండి, పంచదార కలిపి, త్రాగితిమి.

తరువాత ఆ పెద్దకుమారుని దగ్గఱ కూర్చుండబెట్టుకొని, ముంజేతికి నూనె రాసి, ఆకు కప్పి, రుద్ది, నల్లని యుండ నొకటి లాగి చూపితిమి. అది చింతపండు గుజ్జును దీపపు మసిని తలవెండ్రుకలతో కలిపి ప్రొద్దుట మా యింటిలో చేసినది. అతడు చేయి వెనుకకు లాగికొనెను. మేము కుడిచేయి చాచి, ఉండ యెక్కడ దాగియుండెనో, ఆకు సర్దునప్పుడు అది యెట్లు క్రిందికి వచ్చెనో, మెల్లగా మూడు పర్యాయములు చేసి చూపితిమి. ఆ పిమ్మట అతని చేతనే చేయించితిమి. మూడుమాఱులు జారి పడెను. నాలుగవమాఱు నిలిచెను. తన తమ్ముని చేతినుండి తానే ఉండ లాగి, దానిని చూచుచు చాలసేపు ఊరకుండెను. అతని ముఖము చూచుట మాకు కష్టమైనది.

తల్లి మాత్రము మా యింటివారితో అన్న మాట యిది: "పంతులుగారికి కూడా మంత్రం వచ్చునని మాకు తెలియదమ్మా."

మా యింటివారు ఆమెతో చాలసేపు లోపల మాటలాడి, మఱుసటి వారము ఆసుపత్రికి తీసికొనిపోయిరి. గొట్టము పంపి చూచిన వైద్యులు కడుపులో పుండున్నదని చెప్పిరి. ఇట్టి పుండ్లకు కారముగాని చింతగాని ముఖ్యకారణము కాదనియు, పెక్కింటికి ఒక సూక్ష్మజీవి మూలమనియు ఆస్ట్రేలియా వైద్యులగు రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనువారు 1982లో కనుగొనిరి. అందుకు వారికి 2005లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆ జీవిని మందుబిళ్లలతో చంపవచ్చును. ఆమె కిచ్చిన బిళ్లలు ఆమె తప్పక మ్రింగునట్లు చిన్నకుమారుడు ప్రతి సాయంకాలము వసతిగృహపు ఫోనునుండి అడుగుచుండెను. నొప్పి తగ్గినది. మందు ముందుగా తీసివేసినందుననే బిళ్లలు పనిచేసినవని ఆమె నేటికిని చెప్పుచున్నది. ఆమెతో వాదించుట మానితిమి. సంక్రాంతికి నాలుగు దినములు ముందుగా పెద్దకుమారుడు తానే పోయి భార్యను తీసికొనివచ్చెను. ఆమె అత్తతో మాటలాడుచున్నది గాని, వంట మాత్రము అత్తయే చేసికొనుచున్నదట. ఉండ చేసిన పని యొక్క మధ్యాహ్నములో పోదు.

ఆ ఉండ తీసినవాడు ప్రక్క యూళ్లలో తిరుగుచునే యున్నాడని వినుచున్నాము. ఈ వేసవి సెలవులకు ఇండ్లకు పోవు పిల్లలలో పదునొకండుగురు, తమ యూళ్లలో గ్లాసులాట ఆడి, కడపట నల్లయుండ తీసి చూపి, దాని మర్మము చెప్పెదమని పేర్లిచ్చిరి. ఎవ్వరినిగూర్చియు పేరెత్తి నిందింపవలదనియు, పెద్దలు కోపించినచో ఆట ఆపి నమస్కరించి రావలెననియు వారికి చెప్పితిమి. వారిలో నలుగురు బాలికలు. గ్లాసులకంటె తమకు కొబ్బరి చిప్పలే అనుకూలమనియు, అవి ప్రతి యింటను దొరకుననియు, పగిలినను ఎవరును తిట్టరనియు ఆ బాలికలు చెప్పుచున్నారు. ఆఱు చిప్పలు సిద్ధమైనవి. ఇంక నాఱు కావలెను. కన్నుల చిప్పలను పొయ్యిలో వేయక తమ పిల్లలచేత సోమవారము పంపవలసినదిగా తల్లులను కోరుచున్నాము.